పాత యూపీఎస్ రాత్రిళ్ళు బీప్ అంటోంది, కరెంటు పోగానే కంప్యూటర్ ఆరిపోతోంది. ఏం చెయ్యాలి?

కేటీ, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ వచ్చి రెండు నెలలైంది, కేటీలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఇండియా వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర 20 డాలర్లకు పాత యూపీఎస్ కొన్నాను, 600 వీఏ అని రాసుంది. డెస్క్‌టాప్, మానిటర్, రౌటర్, లేజర్ ప్రింటర్ అన్నీ దానికే పెట్టాను. వారం నుంచి అర్ధరాత్రి బీప్ బీప్ అంటోంది. మొన్న వానలో కరెంటు ఒక్క సెకను పోయి వచ్చింది, యూపీఎస్ టక్కుమంది, కంప్యూటర్ ఆరిపోయింది, రెండు గంటల పని పోయింది. వెనక 'వైరింగ్ ఫాల్ట్' అని ఒక చిన్న ఎర్ర లైటు కూడా వెలుగుతోంది. నాన్న వచ్చే నెల వస్తున్నారు, ఇంట్లో ఉన్న మంచి యూపీఎస్ తెస్తానంటున్నారు. తెమ్మననా, ఇక్కడే కొత్తది కొననా? చాలా టెన్షన్‌గా ఉంది.

షుగర్‌ల్యాండ్, 19 ఏళ్ళుగా ఇక్కడే:

తమ్ముడూ, ముందు ఆ లేజర్ ప్రింటర్ తీసి గోడకు పెట్టు, ఈ రాత్రే. ప్రింటర్ లోపల రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, ఆ సైజు వాటిల్లో ఎక్కువ భాగం 330, 360 వాట్లే మోస్తాయి. ఇంకోటి, వెనక సాకెట్లన్నీ ఒకటి కాదు. ఒక వరసకి బ్యాటరీ ఉంటుంది, ఇంకో వరస సర్జ్ నుంచి, అంటే ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి, కాపాడుతుందంతే. నీ డెస్క్‌టాప్ ఏ వరసలో ఉందో చూశావా? నేను ఏడాదిపాటు తప్పు వరసలో పెట్టుకుని యూపీఎస్‌ని తిట్టాను.

నాన్నగారిని ఆ యూపీఎస్ మాత్రం తేవద్దను. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120, 60. మనది ఇక్కడి గోడకు పెడితే ఆ 120ని చూసి కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదకు వెళ్ళిపోతుంది, ఛార్జ్ అవదు, కాసేపటికి ఆగిపోతుంది. బ్యాటరీ మీద ఉన్నంతసేపూ బయటికి ఇచ్చేది 230. నీ ఇక్కడి ప్రింటర్ లాంటివి 120కే చేసినవైతే ఒక్క క్షణంలో పోతాయి. ఆయన సూట్‌కేసులో ఆ బరువు బదులు ఆవకాయ తెమ్మను.

ఫ్రిస్కో:

అన్న చెప్పింది నిజం, కానీ అసలు జబ్బు బ్యాటరీది. చిన్న యూపీఎస్‌లలో ఉండేది సీల్ చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ, 12 వోల్టులు, 7 లేదా 9 ఆంపియర్ అవర్. దాని ఆయుష్షు మూడు నుంచి అయిదేళ్ళు. వేడి తగిలే చోట పెడితే ఇంకా తక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ మీద ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకూ ఆయుష్షు సగానికి పడిపోతుంది. హ్యూస్టన్ ఎండల్లో గ్యారేజీలోనో, మూసిన అల్మారాలోనో పెడితే ఎంత కాలం బతుకుతుందో లెక్క వేసుకో.

రేపు ఈ పని చెయ్యి. కంప్యూటర్ తీసేసి దాని చోట 40, 60 వాట్ల పాతకాలపు బల్బున్న టేబుల్ ల్యాంప్ పెట్టు. యూపీఎస్‌ని ఒక రాత్రంతా ఛార్జ్ కానిచ్చి, గోడ ప్లగ్ పీకి ఎంతసేపు వెలుగుతుందో గడియారం పట్టుకుని చూడు. ఒక నిమిషంలోపే ఆరిపోతే బ్యాటరీ పోయినట్టే. మల్టీమీటర్‌తో చూసి 12.7 వోల్టులు ఉంది కాబట్టి బాగుందనుకోకు. చచ్చిన బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు 12.7 చూపించవచ్చు, లోడు పడ్డ మరుక్షణం పదికి పడిపోతుంది.

షుగర్‌ల్యాండ్:

ప్లగ్ పీకడం తప్పు. గోడ నుంచి పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది, యూపీఎస్ లోపల 120 తయారవుతూనే ఉంటుంది. బ్రేకర్ దించండి, లేదా స్విచ్ ఉన్న పవర్ స్ట్రిప్ మధ్యలో పెట్టి స్విచ్ ఆపండి.

ఫ్రిస్కో:

అన్నా, పదిహేనేళ్ళుగా పీకుతున్నాను. ఒక నిమిషం ల్యాంప్ పరీక్షకి ఏమీ కాదు. పవర్ స్ట్రిప్ పెట్టవద్దని యూపీఎస్ మాన్యువల్‌లోనే రాసుంటుంది కదా.

షుగర్‌ల్యాండ్:

నిజమే, యూపీఎస్ సాకెట్లకి స్ట్రిప్ తగిలించవద్దనీ, యూపీఎస్‌ని నేరుగా గోడకే పెట్టమనీ మాన్యువల్స్‌లో రాసుంటుంది. నేను చెప్పింది పరీక్ష చేసే ఆ కాసేపటికే, గోడకీ యూపీఎస్‌కీ మధ్యలో. సరే, బ్రేకర్ దించితే ఏ గొడవా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి భద్రమైన పద్ధతే చెప్పాలి.

ఇర్వింగ్:

మీ ఇద్దరూ ఆ ఎర్ర లైటు సంగతి వదిలేశారు. తమ్ముడూ, నీకు అసలు కావాల్సింది అదే.

మేము ఇర్వింగ్‌లో ఒక పాత కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. మా యూపీఎస్‌కీ అదే లైటు. మిషనే చెడిపోయిందని రెండు సార్లు షాపులో మార్చుకున్నాను. మూడోదానికీ అదే లైటు. అప్పుడు మా వారు పది డాలర్లు పెట్టి సాకెట్ టెస్టర్ తెచ్చారు, మూడు చిన్న లైట్లు ఉంటాయి. గోడకు పెడితే ఎర్త్ లేదని చూపించింది. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళి చెబితే "మీ ఫ్యాను తిరుగుతోందా? లైట్లు వెలుగుతున్నాయా? అయితే సమస్య లేదు" అన్నారు. అలా మూడు సార్లు నోటితో చెప్పి వచ్చాను. ఒక్క కాగితం రాయలేదు, అదే నా పొరపాటు. మే నెలలో ఉరుములు మెరుపులతో వాన పడింది. మోడెమ్, మానిటర్ రెండూ పోయాయి. పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉంది, మా వారు వేరే ఊళ్ళో ప్రాజెక్టులో ఉన్నారు, నేను ఇంటి నుంచి పని చెయ్యాలి. ఆఫీసుకి వెళితే ఆవిడ తల కూడా ఎత్తకుండా "రెంటర్స్ ఇన్సూరెన్స్‌కి చెప్పుకోండి" అంది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను.

కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన, రిటైర్ అయిన ఎలక్ట్రీషియన్, ఉత్తరం రాయమన్నాడు. సర్టిఫైడ్ మెయిల్‌లో, అంటే మన రిజిస్టర్డ్ పోస్టు లాంటి దాంట్లో, పంపాను, టెస్టర్ ఫోటోతో. నాలుగో రోజున మనిషి వచ్చాడు. సాకెట్ విప్పితే వెనక రెండే వైర్లు! పాత రెండు పిన్నుల సాకెట్ తీసేసి మూడు పిన్నులది బిగించారు, మూడోదానికి ఏమీ కలపలేదు. చివరికి జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసేది) పెట్టి, దాని మీద ఎర్త్ లేదని చెప్పే స్టిక్కర్ అంటించి వెళ్ళాడు. అది రూల్ ప్రకారం సరైనదే, మనిషికి షాక్ కొట్టకుండా కాపాడుతుంది. కానీ సర్జ్ వస్తే దాన్ని దింపడానికి ఎర్త్ ఉండదు, కాబట్టి మన కంప్యూటర్‌కి పూర్తి రక్షణ లేనట్టే.

అక్కడితో అయిపోలేదు. ఖాళీ చేసినప్పుడు "సాకెట్ పాడు చేశారు" అని 175 డాలర్లు డిపాజిట్‌లోంచి కోశారు. టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, అయితే మనం కొత్త అడ్రసు రాసి ఇచ్చి ఉండాలి. నేను ఇచ్చాను. ఉత్తరాలు, ఫోటోలు అన్నీ పంపితే 41వ రోజున చెక్ వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఏ రిపేరైనా రాసి అడుగు, అద్దె బాకీ లేకుండా చూసుకో. ఏడు రోజుల్లో చెయ్యకపోతే ఆలస్యం వాళ్ళదే అని చూపించుకోవచ్చు.

కేటీ, పాత కాపు:

అక్కా, మీరు పడ్డ కష్టం చదువుతుంటే బాధేసింది. నేను వేరే మాట చెబుతాను. పిల్లలూ, ఇక్కడ కరెంటు నిమిషం పోవడం ఒక సంగతి, రోజుల తరబడి పోవడం ఇంకో సంగతి. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, మాకు అయిదు రోజులు లేదు. 2021 ఫిబ్రవరి మంచులో సరేసరి. దానికి యూపీఎస్ ఏం పనికొస్తుంది? లిథియం పవర్ స్టేషన్, అంటే ఛార్జ్ చేసుకునే పెద్ద బ్యాటరీ పెట్టె, కొనమని అందరికీ చెబుతున్నాను.

ఫ్రిస్కో:

ఆయన వచ్చి రెండు నెలలైంది బాబాయ్, ఇప్పుడే అంత డబ్బు ఎందుకు పెట్టిస్తారు? పైగా పవర్ స్టేషన్లు అన్నీ కరెంటు పోగానే తక్షణం మారవు, కొన్నిట్లో ఆ గ్యాప్‌కి డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. ఆయనకు కావాల్సింది ఆ ఒక్క సెకను దాటడం, ఫైల్ సేవ్ చేసి మెల్లగా మూసుకోవడం. ల్యాప్‌టాప్ ఉంటే దాని బ్యాటరీ దానికుంది, యూపీఎస్‌కి రౌటర్, మోడెమ్ చాలు. ఆ రెండూ కలిపి 20 వాట్లు లాగితే కొత్త బ్యాటరీ గంట పైగా సులువుగా లాగుతుంది.

కేటీ, పాత కాపు:

బెరిల్‌లో మా రౌటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంది, బయట ఇంటర్నెట్ కంపెనీ పెట్టెకే కరెంటు లేదు నాయనా. సరే, డబ్బు సంగతి ఒప్పుకుంటాను.

కేటీ, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఛార్జ్ పెట్టి ఇవాళ బ్రేకర్ దించి ల్యాంప్‌తో చూశాను, తొమ్మిది సెకన్లు. అడుగు మూత తీస్తే బ్యాటరీ మీద 2017 అని ఉంది, పక్కలు ఉబ్బాయి, బయటికి రావడం లేదు. టెస్టర్ కూడా తెచ్చాను. అక్క చెప్పినట్టే ఎర్త్ లేదు. ఆఫీసుకి ఫోటోతో ఈమెయిల్ రాశాను. ఆ ఉబ్బిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో ఎత్తనా?

ఫ్రిస్కో:

వద్దు, స్క్రూడ్రైవర్ అస్సలు పెట్టకు! టెర్మినల్స్ రెండూ కలిస్తే మంట వస్తుంది, పగిలితే యాసిడ్ కారుతుంది. గోడ నుంచి తీసేసి, చేతికి ఉంగరం, వాచీ తీసేసి, యూపీఎస్‌ని తలకిందులు చేసి మెల్లగా తట్టు. రాకపోతే వదిలెయ్, మొత్తం యూపీఎస్ ఇచ్చేసి కొత్తది కొనుక్కో. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే వెంటనే కిటికీలు తీసి దాన్ని బయట పెట్టు. బ్యాటరీ బయటికి వస్తే గనక కొత్తది కొనేముందు టెర్మినల్ వెడల్పు కొలువు. ఒక రకం 4.75 మిల్లీమీటర్లు, ఇంకోటి 6.35. అవే పొడవు వెడల్పుల్లో 7, 9 ఆంపియర్ అవర్ రెండూ దొరుకుతాయి. ఎర్రది ఎర్రదానికే, నల్లది నల్లదానికే, తగిలించేటప్పుడు చిన్న మెరుపు వస్తే భయపడకు. ఒక రోజంతా ఛార్జ్ అయ్యాకే కంప్యూటర్ పెట్టు. కొత్త బ్యాటరీ కూడా ఏడాదిలోపే ఉబ్బితే ఛార్జర్ పోయింది. మీటర్‌తో చూడు, 13.5, 13.8 వోల్టుల మధ్య ఉండాలి. 14.4 దాటితే ఆ మిషన్‌ని ఉంచుకోకు.

షుగర్‌ల్యాండ్:

పాతది చెత్తబుట్టలో వెయ్యకు, ఇక్కడ నేరం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాంట్లో కొంత తగ్గించేవాళ్ళు, గుర్తుందా? ఇక్కడ కారు పార్ట్స్ షాపువాళ్ళు పాత లెడ్ బ్యాటరీలు తీసుకుంటారు. ఇదీ తీసుకుంటారేమో వెళ్ళేముందు ఫోన్ చేసి అడుగు. టెర్మినల్స్ మీద టేపు అంటించి, అట్టపెట్టెలో నిలబెట్టి తీసుకెళ్ళు. శనివారం నేను కేటీ వైపు వస్తున్నాను, కారు లేకపోతే చెప్పు తమ్ముడూ, నాతో తీసుకెళ్తాను.