‘హార్ట్ ఆఫ్ ద కాంగోస్’ రికార్డు: 1996 ముద్రణ కొనాలా, 2017దా?

జమైకా రెగె గాయక బృందం ది కాంగోస్ 1977 నాటి ఈ ఆల్బమ్‌ను వినైల్ మీద కొనాలనుకుంటున్నాను. రెగె, దాని నుంచి పుట్టిన ప్రతిధ్వనుల సంగీతం డబ్ శ్రద్ధగా వినేవారు దయచేసి సలహా ఇవ్వండి.

నిర్మాత లీ పెర్రీ దీన్ని కింగ్‌స్టన్‌లోని తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో, నాలుగు ట్రాకుల టేపు యంత్రం మీద రికార్డు చేశారు. గొంతుల్లో పైన సెడ్రిక్ మైటన్ సన్నని తారస్థాయి, మధ్యలో రాయ్ జాన్సన్, అడుగున వాటీ బర్నెట్ మంద్రం. చుట్టూ పొగమంచులా కమ్ముకునే ప్రతిధ్వని. ‘ఫిషర్‌మన్’ పాట మొదలైతే నాకు ఇక వేరే పని మీదికి మనసు పోదు.

బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ 1996లో దీన్ని మళ్లీ తెచ్చింది. నలభయ్యేళ్ల సందర్భంగా 2017లో వచ్చిన మూడు రికార్డుల సెట్‌లో జమైకాలో మొదట విడుదలైన మిక్స్ (గొంతులు, వాద్యాలు కలిపిన తీరు) కూడా ఉంది. నన్ను లాగుతున్నది అదే.

రెండూ విన్నవారు చెప్పండి: ఆ తొలి మిక్స్‌లో గొంతులు, బేస్ ఎలా వినిపిస్తాయి? టేపు సహజమైన సవ్వడిని తుడిచేశారా, ఉంచారా? శుభ్రత పేరుతో దాన్ని తీసేస్తే బ్లాక్ ఆర్క్ గాలే పోతుందని నా నమ్మకం. 1996 ప్రతి వాడినది దొరికితే, డబ్బు కట్టేముందు ఏమేమి పరీక్షించాలి?