‘లోపలి మనిషి’ – ఆత్మకథా, నవలా?

ప్రశ్న: పీవీ నరసింహారావు గారి ‘లోపలి మనిషి’ని కొందరు ఆత్మకథ అంటారు, కొందరు నవల అంటారు. ఏ మాట వాడాలి?

జవాబు: నవల అనే అనాలండీ. పేరు దగ్గర వచ్చిన ఈ గందరగోళమే ఆ పుస్తకానికి చాలా నష్టం చేసింది.

మనకు ఆత్మకథ అంటే కందుకూరి వారి ‘స్వీయచరిత్రము’, ప్రకాశం పంతులు గారి ‘నా జీవిత యాత్ర’. వాటిలో ‘నేను’ అని చెప్పుకున్నవాడు ప్రతి వాక్యానికీ పూచీ పడతాడు. పీవీ ఆ ‘నేను’ను కావాలనే వదిలేశారు. ఆయన కథానాయకుడు ఆనంద్. రాష్ట్రం అఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం. ముఖ్యమంత్రులు మహేంద్రనాథ్, చౌధురి.

1998లో ఇంగ్లీషు మూలం వచ్చేనాటికి జనం ఎదురుచూసింది వేరు. 1991 ఆర్థిక సంస్కరణలు, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత, ఢిల్లీ రహస్యాలు... మాజీ ప్రధాని నోరు విప్పుతారని ఆశపడ్డారు. కథేమో ఆనంద్ ముఖ్యమంత్రి పదవితోనే ఆగిపోయింది. దాంతో పాఠకులకు నిరాశ. పత్రికలకు మాత్రం ఏ పాత్ర ఏ నాయకుడో పోల్చుకునే పని, ఆనంద్–అరుణల ప్రేమ ఘట్టాల మీద చర్చ దొరికాయి. నాకు ఇప్పటికీ బాధనిపించేది ఇదే. ఆ పుస్తకంలో ప్రాణమంతా భూసంస్కరణల దగ్గరుంది. చట్టం చేయాల్సిన పార్టీలోనే భూస్వాములు కూర్చుని, పైకి సామ్యవాదం పలుకుతూ లోపల ఎలా అడ్డుపడతారో అంత దగ్గరగా చూసి రాసినవాళ్లు మనకు అరుదు. 1971లో ముఖ్యమంత్రి అయి, భూపరిమితి కోసం పట్టుబట్టి, ముల్కీ (ఉద్యోగాల్లో స్థానికులకే అవకాశమనే నిబంధన) గొడవల నడుమ 1973 జనవరిలో గద్దె దిగిన మనిషి రాసిన పేజీలవి.

మరొకరి ప్రశ్న: పేర్లు మార్చినంత మాత్రాన నవల అయిపోతుందా? ఆనంద్ అంటే పీవీయేనని అందరికీ తెలుసు కదా.

జవాబు: తెలుసు. కానీ ఆనంద్ మనసులో మాటను పీవీ వాంగ్మూలంగా పట్టుకోలేం కదండీ. ఆయన వాంగ్మూలమే కావాలంటే అయోధ్య మీద రాసిన పుస్తకం చూడండి. ఆయన పోయాక 2006లో వచ్చింది. అందులో పాత్రలు లేవు, వాదన ఉంది. అదీ, ఇదీ పక్కపక్కన పెట్టి చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. గ్రంథాలయ జాబితాలో ఎక్కించాలంటే ‘నవల’ అని రాసి, పక్కన ‘స్వానుభవాల ఆధారంగా’ అని చేరిస్తే సరిపోతుంది.