కూచిపూడి ఆడవేషం: ఆడ, మగ హద్దులు చెరిపిన కళా, ఆడవాళ్ళని పక్కకు నెట్టిన పద్ధతా?

లంకల పిల్ల:
ఆడ, మగ పాత్రల్ని ప్రశ్నించే ప్రదర్శనల మాట రాగానే మనవాళ్ళు కూచిపూడి ఆడవేషాన్ని చూపిస్తారు. మగవాడే సత్యభామ అవుతున్నాడు, ఇంతకన్నా ఏం కావాలి అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. గోదావరి జిల్లాల్లో కలావంతుల స్త్రీలు, అంటే గుళ్ళలో, వేడుకల్లో ఆటపాటలే వృత్తిగా బతికిన దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ళు కూడా భామాకలాపం (సత్యభామ కథ), గొల్లకలాపం (గొల్లభామ కథ) ఆడారు. వాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

మువ్వ సవ్వడి:
కూచిపూడిలో ఆడవేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాళ్ళు ఇలా అనరండీ. భామ ఇంకా తెర వెనకే ఉంటుంది, జడ మాత్రం తెర మీదుగా ఇవతలికి పడుతుంది. నన్ను మించి ఆడగలిగేవాళ్ళుంటే రండి అని సవాలు! ఆ నడక, ఆ కినుక అన్నీ సాధన చేసి తెచ్చుకున్నవే. ఆడతనం పుట్టుకతో వచ్చేది కాదని ఇంతకంటే బాగా ఎవరు చూపించారు చెప్పండి?

లంకల పిల్ల:
ఆయన ప్రతిభకి దణ్ణం పెడతాను. నా గొడవ అది కాదు. మగవాడు సాధన చేసి ఆడితే విద్య అన్నారు, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. చాలా సంతోషం. కలావంతుల స్త్రీ కూర్చున్నచోటే క్షేత్రయ్య పదం పట్టి, ఒక్క పాదానికి కళ్ళతో, చేతులతో పదిరకాల అర్థాలు చూపిస్తే, లోకం ఆమె నడత గురించే మాట్లాడింది. అది సాధన కాదా? 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది, గుడిలో ఆట ఆగింది. 1956లో ఆంధ్రలో దాన్ని సవరించి పెళ్ళిళ్ళలో మేజువాణీలు, అంటే వాళ్ళ ఆటపాటల కచేరీలు కూడా ఆపేశారు. కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా గుర్తించాలన్న ప్రయత్నాలు జోరందుకున్నది కూడా ఆ దశాబ్దంలోనే.

రెండో గంట:
చట్టాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. చిన్నపిల్లల్ని దేవుడి పేరున అంకితం చేసే ఆచారం అది. దానిమీద పోరాడిన ముత్తులక్ష్మి రెడ్డి గారి తల్లి కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడే. ఆ ఇళ్ళ ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. పాత సంగతి తవ్వితే ముందు బాధపడేది వాళ్ళే.

లంకల పిల్ల:
అంకితం ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆట ఎందుకు ఆపాలి? బతుకుతెరువు పోయింది, మచ్చ మాత్రం మిగిలింది. ఈ తరం వాళ్ళు ఊరి పేరు చెప్పుకోవడానికి కూడా జంకుతున్నారంటే తప్పు తవ్వేవాళ్ళది కాదండీ, ఆ మచ్చ వేసినవాళ్ళది.

మువ్వ సవ్వడి:
కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో నాట్య అకాడమీ పెట్టి ఎంతమంది అమ్మాయిలకు నేర్పారో మర్చిపోయారా? ఇవాళ వేదిక మీద ఎక్కువమంది ఆడవాళ్ళే. అంతరించిపోతున్నది మగవాళ్ళ ఆడవేషం.

లంకల పిల్ల:
అమ్మాయిలు వచ్చారు, నిజమే. ఏ ఇళ్ళ అమ్మాయిలు? తరతరాలుగా ఆడిన ఇళ్ళవాళ్ళు గజ్జెలు విప్పేశాక మిగతా ఇళ్ళవాళ్ళు కట్టుకున్నారు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఆ కలావంతుల స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకోకపోతే బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ గారి పేరు నా వరకూ వచ్చేదే కాదు. భామాకలాపం ముందు వ్యాఖ్యాతలు దాన్ని రాశాడని చెప్పే సిద్ధేంద్ర యోగి కథ చెబుతారు కదా, అక్కడే కలావంతుల మేళాల (బృందాల) పేరు కూడా చెప్పాలి. నాట్యం సిలబస్‌లో వాళ్ళకొక పాఠం ఉండాలి.

మువ్వ సవ్వడి:
పాఠం పెట్టమనండి, నేనూ సంతకం చేస్తాను. దానికోసం ఆడవేషాన్ని దోషిగా నిలబెట్టడానికి మాత్రం ఒప్పుకోను.