అప్‌డేట్: మా అమ్మాయి చెవి మీద గడ్డ కెలాయిడే

రెండో పోగు కోసం చెవి కుట్టించిన చోట మా అమ్మాయికి శనగగింజంత గట్టి గడ్డ లేచిందని, కోయించేయవచ్చా అని మూడు నెలల క్రితం అడిగాను. తొందరపడవద్దు, ముందు చర్మవైద్యులకు చూపించండి అని చెప్పిన వారందరికీ ఎంతో రుణపడి ఉన్నాను.

డాక్టరుగారు గడ్డను వేళ్ల మధ్య పట్టి చూసి, కెలాయిడ్ అన్నారు, అంటే గాయం మానేటప్పుడు మచ్చ అతిగా పెరిగి గడ్డ కట్టడం. నా సిజేరియన్ మచ్చ కూడా మొదట్లో ఇలాగే ఎర్రగా ఉబ్బి, దురద పెట్టేది. కానీ అది కోసిన గీత దాటలేదు, ఏడాదిన్నరలో దానంతట అదే అణిగింది. అది హైపర్‌ట్రోఫిక్ మచ్చ అట. కెలాయిడ్ అలా కాదు, గాయం హద్దు దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది. అందుకే మా పాపకు సూదిమొన మోపినంత రంధ్రం దగ్గర అంత గడ్డ! వట్టినే కోసేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుందని, ముందుకంటే పెద్దదీ కావచ్చని చెప్పారు. నేను అడిగిందే అది కదా, గుండె ఝల్లుమంది.

నెలకోసారి గడ్డలోకే ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. మూడు అయ్యాయి. సూది దిగేటప్పుడు పిల్ల నా చేయి గట్టిగా పట్టుకుంటుంది, నొప్పి నిజంగానే ఎక్కువ. గడ్డ సగానికి తగ్గి మెత్తబడింది, దురద పోయింది. చుట్టూ చర్మం కాస్త తెల్లబడింది, మందు వల్ల అలా జరుగుతుందని ముందే చెప్పారు.

ముక్కు కుట్టించే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకున్నాం.