చొప్ప నేలకు పరచాలా, పశువులకు వేయాలా?

వాన మీదే ఆధారపడ్డ చిన్న కమతం మాది. బోరు లేదు, అప్పు చేసే ధైర్యమూ లేదు. నేల పైన పెచ్చు కట్టేసి, పడ్డ వాన ఇంకకుండా జారిపోతోంది.

మల్చింగ్, అంటే నేలను చొప్పతో కప్పడం, చేయమని అందరూ చెప్పేవాళ్లే. నిరుడు సగం చొప్ప నేల మీద పరిచాను, కొంత దున్ని కలిపేశాను. పరిచింది చెదలు తినేశాయి. కలిపిన చోట పైరు పసుపెక్కింది. చొప్ప కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయని తర్వాత తెలిసింది. ఈలోగా పశువులకు మేత చాలలేదు, అదో టెన్షన్!

పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో 'జాయ్' అనే గుంటల పద్ధతి ఉంది. ఎండాకాలంలోనే 20-40 సెంటీమీటర్ల వెడల్పు, 10-20 సెంటీమీటర్ల లోతు గుంటలు తీసి, పశువుల ఎరువు వేసి, వాన పడగానే అందులోనే విత్తుతారు. యాకుబా సవడోగో అనే రైతు దీన్ని మెరుగుపరిచి బీడు నేలలో పంటతో పాటు చెట్లూ పెంచాడు. అక్కడ చెదలే బొరియలు చేసి నీళ్లు ఇంకేలా చేస్తాయట. నాకు శత్రువులు, వాళ్లకు కూలీలు!

కానీ ఎకరానికి వేల గుంటలు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

చేతితో ఈ గుంటలు తీసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోజుకు ఎన్ని తీయగలిగారు? రెండో ఏడు అవే గుంటలు పనికొచ్చాయా? మేతకు, మల్చింగ్‌కు చొప్ప ఎలా పంచుకున్నారు? గట్ల మీద మేత చెట్లు పెంచి ఆ లోటు పూడ్చుకున్నవాళ్లుంటే, ఎన్నాళ్లకు కోతకొచ్చాయో కూడా చెప్పండి.