నాన్న కాలు విరిగింది, 80 వేలకు రాజీ పడమంటున్నారు. ఏం చేయాలి?

కుట్టుమెషిన్:
నాలుగు నెలల కింద నాన్న (52 ఏళ్లు) టీవీఎస్ ఎక్సెల్ మీద విజయవాడ హైవేలో వస్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన కారు గుద్దేసింది. యూటర్న్ ఇంకో కిలోమీటరు ఉందని ఎదురొచ్చేశాడంట, అదీ ఆయన తొందర. కుడి కాలు రెండు చోట్ల విరిగి రాడ్ వేశారు. నాన్న టైలర్. రెండు నిమిషాలు మెషిన్ తొక్కితే పాదం వాచి చెప్పు కూడా పట్టట్లేదు. పక్కింటాయన మోటార్ బిగించి ఇచ్చాడు గానీ దానికీ పెడల్ నొక్కాలి కదా, ఎడమకాలితో అలవాటు చేసుకుంటూ మొన్న ఒక పెళ్లి జాకెట్ చెడగొట్టాడు. ఆయన చేతిలో బట్ట చెడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎఫ్ఐఆర్ అయింది. ఇప్పుడు కారు ఓనర్ ఊరి పెద్దమనిషిని వెంటేసుకుని రెండుసార్లు ఇంటికొచ్చాడు, 80 వేలిస్తా సంతకం పెట్టండి అని. హాస్పిటల్ బిల్లే లక్షా నలభై వేలు! నాన్నకి లైసెన్స్ లేదు, "కోర్టుకెళ్తే మీకే ఎదురు తిరుగుతుంది" అని భయపెడుతున్నారు. అమ్మ వచ్చినకాడికి తీసుకుందాం అంటోంది.

హైవే బాధితుడు:
తమ్ముడూ, నిరుత్సాహపరచాలని కాదు. మా అన్న లారీ కింద పడి పోయాడు. పాత చట్టంలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే గరిష్ఠ శిక్ష రెండేళ్లే, లేదా జరిమానా. వాయిదాలకి తిరిగి తిరిగి మేం అలిసిపోయాం, చివరికి ఆ డ్రైవర్ జరిమానా కట్టి వెళ్లిపోయాడు. 2024 జులై నుంచి కొత్త చట్టంలో ఐదేళ్లు చేశారు, వేస్తారో లేదో చూడాలి. పరిహారం మాత్రం వచ్చింది, ఆరేళ్లకి.

పాత గుమస్తా:
ఇరవై ఏళ్లు వకీలు ఆఫీసులో ఈ ఫైళ్లే మోశాను. సంతకం మాత్రం పెట్టకండి. డ్రైవర్ మీద కేసు వేరు, పరిహారం కేసు వేరు, ఇది చాలామందికి తెలియక మోసపోతారు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. తప్పెవరిదో రుజువు చేయాల్సిన పని లేకుండానే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద రెండున్నర లక్షలు వస్తాయి. 166 కింద వేస్తే ఎక్కువ రావచ్చు గానీ అక్కడ తప్పు రుజువు చేయాలి. రెండూ మాత్రం రావు. లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో మీ నాన్న తప్పున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. రాంగ్ రూట్‌లో వచ్చింది వాళ్లు కదా.

ఇంకోటి, బండికి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కంపెనీ కడుతుంది, ఓనర్ జేబులోంచి పోయేదేం లేదు. అయినా ఇంత ఆరాటపడుతున్నాడంటే నాకు అనుమానమే. ఎమ్‌పరివాహన్ యాప్‌లో కారు నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి.

జీతం స్లిప్పు లేదని దిగులొద్దు. మీ నాన్న కొలతలు రాసుకునే పుస్తకం ఉంటుందిగా, నెలకి ఎన్ని బట్టలు కుట్టేవాడో అందులో ఉంటుంది, దాచండి. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం అని రాశారన్న దానికంటే ఆ కాలితో ఆయన వృత్తి చేయగలడా లేదా అన్నది ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) చూడాలి. ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

మల్లెతీగ:
వకీలు ఫీజుకి భయపడితే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, ఆదాయం తక్కువుంటే వకీలుని ఉచితంగా ఇస్తారు. వచ్చినదాంట్లో ఇంత శాతం నాది అనే వాళ్లకి దొరకొద్దు. పెద్దమనిషి మళ్లీ వస్తే "మా వకీలుతో మాట్లాడండి" అనండి చాలు, టీ కూడా ఇవ్వకండి.

కుట్టుమెషిన్:
గుమస్తా గారూ, మీ అనుమానమే నిజం, ఇన్సూరెన్స్ ప్రమాదానికి రెండు నెలల ముందే అయిపోయింది. అప్పుడు ఎవరు కడతారు సార్?

పాత గుమస్తా:
ఓనరే కట్టాలి. వసూలు కష్టమే, అబద్ధం చెప్పను. ఆయన పేరున ఇల్లో పొలమో ఏముందో ఇప్పుడే కనుక్కుని ఉంచండి, తర్వాత జప్తుకి పనికొస్తుంది.

కుట్టుమెషిన్:
సరే సార్. రేపు నల్గొండ వెళ్తున్నాం. పుస్తకం బ్యాగులో పెట్టాను, నాన్న మాత్రం "పోగొట్టకురా, దసరా కొలతలన్నీ అందులోనే ఉన్నాయి" అంటున్నాడు.