మర్చిపోయిన ఎక్సెల్ పాస్‌వర్డ్: ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?

కొబ్బరితోట:
ఎక్సెల్ 2016లో చేసిన మా అపార్ట్‌మెంట్ లెక్కల ఫైలు. తెరవడానికే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంట్లోవాళ్ల పేరొకటి, తర్వాత ఒక స్పెషల్ క్యారెక్టర్, చివర ఏదో సంవత్సరం. అంతవరకే గుర్తుంది. ఉన్నది ఐ5 ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు పెట్టి డెస్క్‌టాప్ కట్టించుకుని, పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నిస్తూ పోతే ఎన్నాళ్లలో దొరుకుతుందండీ?

గోదారిగట్టు:
కార్డు సంగతి తర్వాత. ఫైలు తెరుచుకుని షీటు మాత్రం మార్చనివ్వకపోతే అది ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని గుప్తరూపంలోకి డేటాను మార్చడం) కాదు. కాపీ తీసి, ఎక్స్‌టెన్షన్ జిప్‌గా మార్చి, అందులోని ఆ షీటు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో షీట్‌ప్రొటెక్షన్ ట్యాగ్ తీసేస్తే అయిపోతుంది. మీది అలా కాదు, ఫైలే ఎన్‌క్రిప్ట్ అయింది. ఆఫీస్ 2013 నుంచి ఒక్కో పాస్‌వర్డ్ సరిచూడాలంటే ఎస్‌హెచ్‌ఏ-512 అనే లెక్కని లక్షసార్లు తిప్పాలి. 4090 సెకనుకు సుమారు 750 కోట్ల ఎస్‌హెచ్‌ఏ-512లు చేస్తుంది. లక్షతో భాగిస్తే సెకనుకు 75,000 పాస్‌వర్డ్‌లు, అదీ గరిష్ఠంగా. పాత జీటీఎక్స్ 1080కి 8,800 దగ్గర వస్తాయి. మీ ఐ5కి వందల్లోనే, 300 అనుకుందాం.

30 పేర్లు, ఒక్కోదానికి 10 స్పెల్లింగులు, చిన్న-పెద్ద అక్షరాల తేడాలు 3, స్పెషల్ క్యారెక్టర్లు 4: మొత్తం 3,600. దానికి 75 సంవత్సరాలు తగిలిస్తే 2.7 లక్షలు. మీ ల్యాప్‌టాప్‌కి పావుగంట పని! సంవత్సరం బదులు 0000 నుంచి 9999 దాకా పెట్టినా 3.6 కోట్లు, అంటే ఒకటిన్నర రోజు. ఏమీ కొనకండి.

రాత్రిబండి:
ఏమీ గుర్తులేకపోతే ఏమవుతుందో కూడా చూడండి. ఎనిమిది చిన్న అక్షరాలంటే 20,882 కోట్ల కూర్పులు, 4090 మీద 32 రోజులు. పెద్ద అక్షరాలు, అంకెలు కలిస్తే 218 లక్షల కోట్లు, 92 ఏళ్లు. ఎనిమిది కార్డులు పెట్టినా పదకొండేళ్ల పైనే. కార్డుకి 450 వాట్లు చొప్పున 3,600 వాట్లు, అంటే ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ అంచుకి చేరినట్టే. రోజుకి 86 యూనిట్లు, ఏసీ కాకుండా.

కార్డు తప్పదనుకుంటే గంటల లెక్కన అద్దెకి తీసుకోండి. అక్కడికి ఫైలు కాదు, పాస్‌వర్డ్ సరిచూడటానికి అందులోంచి తీసిన హ్యాష్ అనే చిన్న లైను పంపితే చాలు. ఆఫీస్ హ్యాష్‌లో సాల్ట్ (ఫైలుకోటి ఉండే యాదృచ్ఛిక విలువ), వెరిఫయర్ (పాస్‌వర్డ్ సరైందో తేల్చే విలువ) మాత్రమే ఉంటాయి, మీ లెక్కలు బయటికి పోవు. 7-జిప్ ఫైలు నుంచి తీసిన హ్యాష్ అలా కాదు, అందులో ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కూడా వెళ్తుంది. ఇలాంటి మెల్లని హ్యాష్‌కి ర్యామ్, ప్రాసెసర్, పీసీఐ లేన్ల (కార్డుని కంప్యూటర్‌కి కలిపే దారుల) మీద డబ్బు తగలేయడం దండగ. ఎక్కువ మెమరీ తినే ఆర్గాన్2 పద్ధతి వాడిన కీపాస్ (పాస్‌వర్డ్‌లు దాచుకునే ప్రోగ్రామ్) ఫైలైతే కార్డు మెమరీ లెక్కలోకి వస్తుంది.

కొబ్బరితోట:
పాస్‌వర్డ్‌లు వెతికే జాన్ ది రిప్పర్ ప్రోగ్రామ్‌లోని ఆఫీస్‌టుజాన్ స్క్రిప్ట్‌తో హ్యాష్ తీశాను. అలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ హ్యాష్‌క్యాట్‌కి 9600 మోడ్‌లో (ఆఫీస్ 2013 రకం హ్యాష్‌లకి) ఇస్తే 'హ్యాష్‌లేవీ లోడ్ కాలేదు' అంటోంది.

గోదారిగట్టు:
లైను మొదట్లో ఫైలు పేరు, కోలన్ ఉంటాయి. అవి కొట్టేసి, మొదటి డాలర్ గుర్తు నుంచి మాత్రమే ఉంచండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 పెట్టొద్దు.

పేర్ల జాబితా మీరే రాసుకోవాలి. నెట్‌లో దొరికే పెద్ద పెద్ద లిస్టుల్లో మన పేర్లు మనం రాసే తీరులో ఉండవు. లక్ష్మిలో 'క్ష'కి కేఎస్‌హెచ్ ఒకరు, ఎక్స్ ఒకరు. చివర ఐ లేదా వై. 'త'కి టీ, టీహెచ్ రెండూ. దీర్ఘానికి ఏ ఒకటా, రెండా. ముద్దుపేర్లు, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా వేయండి. పేరు, క్యారెక్టర్ కలిపిన 3,600 లైన్లు ఒక ఫైల్లో పెట్టి, హ్యాష్‌క్యాట్ హైబ్రిడ్ మోడ్ 6తో (జాబితాలోని ప్రతి లైనుకీ చివర మాస్క్ కలుపుతుంది) నాలుగంకెల మాస్క్, అంటే ఏ అంకెలైనా పట్టే నమూనా, తగిలించండి. ముందు 19, 20తో మొదలయ్యేవి నడిపి, అప్పుడు మిగతావి.

రాత్రిబండి:
హ్యాష్‌క్యాట్ సెషన్‌కి పేరు పెట్టి నడపండి, కరెంటు పోయినా రిస్టోర్‌తో ఆగినచోటి నుంచి సాగుతుంది. ల్యాప్‌టాప్ కింద గాలి ఆడాలి, వేడెక్కితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. స్లీప్ ఆపేయడం మర్చిపోవద్దు.